బతికున్న రాజు వాకిట్లో

మా ఆయన రాయిని ఊది చూసేవాడు. కుప్పంలో నల్లరాయి పలకలకు పాలిష్ పట్టే పని ఆయనది. మిషన్ ఆపి, నీళ్లు తుడిచి, పలక మీదికి వంగి, నోరు తెరిచి హా అని ఊపిరి వదిలేవాడు. రాయి మీద ఆవిరి పట్టేది. అది విడిపోయేటప్పుడు మామూలుగా కంటికి ఆనని గీతలు బయటపడతాయంట. ఆవిరి ఒకే తీరున పోతే పని కుదిరినట్టు. ఎక్కడైనా చారలుగా ఆగితే మళ్లీ మిషన్ పెట్టాల్సిందే. పెళ్లయిన కొత్తలో నేను స్టీలు చెంబులు తోమి బోర్లిస్తే వాటిని కూడా ఎత్తి ఊది చూసేవాడు.

"గీతలు పడినాయి మే. ఈ పొద్దు నీకు కూలి లేదు పో" అనేవాడు.

నేను చెంబు లాక్కొని, "నీ మొగం సూసుకో అందులో, గీతలు యాడుండాయో తెలుస్తాది" అనేదాన్ని.

ఆ పలకలు చాలా మటుకు సమాధులకే పోయేవి. ఓడలెక్కి పోయి ఏ దేశంలోనో ఎవరి తల దగ్గరో నిలబడేవి. "నేను పట్టిన పాలిష్ కింద ఎంతమంది దొరలు పండుకోని ఉండారో" అని ఆదివారం చర్చి విడిచినాక మగవాళ్ల దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు.

పాలిష్‌కు నీళ్లు పోస్తారు కాబట్టి దుమ్ము లేవదు. అంచులు కొట్టేది, మూలలు గుండ్రంగా రుద్దేది మాత్రం పొడిమీదే. చెయ్యి నెమ్మది అని ఆ పని కూడా ఆయనకే పెట్టేవాళ్లు. ముక్కుకు నా పాత చీర పీలిక కట్టుకునేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లగా ఉండేది. నల్లరాయి దుమ్ము తెల్లగా ఎందుకుంటుందని అడిగితే, "పైకే మే నలుపు. లోపల అదీ మన మాదిరే" అన్నాడు.

దగ్గు వచ్చింది. దగ్గు పోలేదు. మెట్లెక్కితే ఆయాసం, తర్వాత మెట్లు లేకపోయినా ఆయాసం. మా అమ్మ ఒకప్పుడు చర్చి వాళ్ల మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది, వార్డుల మధ్యనే పెరిగాను, నాకు ఆసుపత్రులంటే భయం లేదు. మదనపల్లెకు పిలుచుకుపోయాను. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది. రెండు పక్కలా తెల్లటి చుక్కలు, పిండి జల్లినట్టు.

"టీబీ కాదమ్మా. రాతి దుమ్ము. లోపల గట్టిపడిపోయింది" అంది.

"మందులకు మెత్తబడతాదా అమ్మా?"

ఆమె ఫిల్మును కవరులో పెట్టి నా చేతికిచ్చింది. "గట్టిపడింది గట్టిపడినట్టే ఉంటుంది. మిగిలిండేది కాపాడుకోండి" అంది.

పని మానేసి మా సొంత ఊరు పుంగనూరుకు వచ్చేశాం. వచ్చీరాగానే ఆయన చేసిన మొదటి పని వంటగదిలోని పలకను పెకిలించడం. గ్యాస్ పొయ్యి కింద ఒక నల్లరాయి ఉండేది. అంచు విరిగిందని ఫ్యాక్టరీలో పారేస్తే, కొన్నేళ్ల కిందట పండగకు ఊరికొచ్చినప్పుడు ఆయనే బస్సులో మోసుకొచ్చి, నాకోసం పరిచింది. దాని కిందికి గడ్డపార దోపి లేపి, దారిన పోయే బండివాడికి ఇచ్చేశాడు. ఆ కాస్త పనికే గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు.

"యాలయ్యా, అది నిన్నేం చేసె?" అని అడిగాను.

"లోపలుండేది సాలు. ఇంట్లో నాకు రాయి కనపడకూడదు."

"మరి రుబ్బురోలు?"

"దాన్నీ మా అక్కింట్లో పెట్టు. ఊరిబిండి ఆడ్నే నూరుకో."

అట్లాగే చేశాను. మా వదిన, అంటే ఆయన అక్క, పక్కింట్లోనే ఉంటుంది. భర్త పోయినాక ఒక్కతే. నేను రోజూ మిరపకాయలు, చెనిగ్గింజలు గిన్నెలో వేసుకొని వాళ్లింటికి పోతుంటే నవ్వేది. "నా తమ్ముడు రోటినీ వదల్లే. రేపు నన్నూ మొద్దురాయి అని తరుముతాడేమో సూడు మే" అనేది.

సమర్‌ఖండ్ మాట అప్పుడే వచ్చింది. ఉజ్బెకిస్తాన్‌లో ఊరు అది. మన పక్క పిల్లలు డాక్టరు చదువులకు అక్కడికి పోతున్నారు. కుప్పం మనిషి ఒకాయన వాళ్లకోసం మెస్ పెట్టాడు. సంగటి కలిపే మనిషి, మన తీరుగా పల్యం, కూరలు చేసే మనిషి కావాలని వెతుకుతున్నాడు. నేను చదివింది అయిదో తరగతి. తిరుపతి దాటి పోయింది లేదు. పోనన్నాను. డాక్టరమ్మ పెట్టమన్న ఆక్సిజన్ మిషన్ ఇంట్లో నడవాలంటే ఇద్దరిలో ఎవరో ఒకరు పని చెయ్యాలి, అది నాకూ తెలుసు. అయినా పోనన్నాను. ఆయనే తోశాడు.

"ఈడ కూర్చోని నా మొగం సూస్తా ఉంటే నాకు ఊపిరి వస్తాదా? పో. మనింట్లో విమానం ఎక్కినోళ్లు ఎవురుండారు? నువ్వు ఎక్కితే నేను ఎక్కినట్టే."

బయల్దేరే ముందు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఈస్టర్‌కు నేను తిరిగి రావాలి. అంతవరకు ఆయన ఉండాలి. మా వాళ్లలో ఈస్టర్ నాడు తెల్లవారకముందే సమాధుల తోటకు పోతారు. ముందురోజే గడ్డి పీకి, కడిగి, సున్నం కొట్టి ఉంటారు. మనిషికో కొవ్వొత్తి వెలిగించి, బంతిపూలు పెట్టి పాటలు పాడతారు.

"ఈస్టర్‌కు ఇద్దరం తోటకు పోతాం మే. నువ్వు నడిచి పోతావు. నేను ఎట్ల పోతానో సూద్దాం" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. మా వదిన వీపు రుద్దుతూ నన్ను పొమ్మని సైగ చేసింది.

సమర్‌ఖండ్‌లో చలి ఎట్లాంటిదంటే, బయట గుమ్మం దగ్గర పెట్టిన క్యానులో నూనె పొద్దునకు నెయ్యి మాదిరి పేరుకొనేది. కిటికీలు తెరవరు. వంటగది వేడికి అద్దాల మీద నీళ్లు కారుతుండేవి. ఊరి నుంచి తెచ్చిన రాగిపిండి పొదుపుగా వాడాలి, అందుకని ఆదివారం మాత్రమే సంగటి. ఆ రోజు పిల్లలు పండగ మాదిరి గుంపుగా వచ్చేవాళ్లు. మధ్యాహ్నం వడ్డన అయినాక నేను ఆయనకు వీడియో ఫోన్ చేసేదాన్ని. అక్కడికీ మనకూ టైములో అరగంటే తేడా. ఇంత దూరం వచ్చినా అరగంటే కదా అని మొదట్లో ధైర్యంగా ఉండేది. ఫోన్‌లో ఆయన ముక్కుకు గొట్టాలు, పక్కన మిషన్ గుర్రుమనే చప్పుడు. మాటకూ మాటకూ నడుమ ఎడం పెరుగుతూ వచ్చింది. ఆ ఎడాన్ని బట్టే ఆయన ఎట్లున్నాడో నేను పోల్చుకునేదాన్ని.

మెస్‌కు వచ్చే పిల్లల్లో బైరెడ్డిపల్లె దగ్గర పల్లె అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల నాయన చెనక్కాయలు వేసే రైతు. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఆ దేశం మాటలు కొంచెం నేర్చింది. ఒక ఆదివారం గిన్నెలు కడిగినాక చెయ్యి పట్టుకొని లేపింది.

"దేశదేశాలనుంచి ఈ ఊరు సూసేకి వస్తాండారు. నువ్వేమో ఉల్లిగడ్డలు తప్ప ఏమీ సూళ్లేదు. లే పెద్దమ్మా."

"నాకేం తెలుస్తాది పాపా, రాళ్లూ గోడలూ."

"తెలియాల్సిన పన్లే. సూస్తే సాలు."

చీర మీద స్వెటరు, దాని మీద మెస్ ఆయన పెద్ద కోటు, కాళ్లకు మేజోళ్లు వేసుకొని చెప్పులు. అట్లా పోయాను.

మొదట రేగిస్తాన్‌కు పిలుచుకుపోయింది. నడుమ కల్లం మాదిరి చదునైన బయలు. మూడు పక్కలా మూడు కట్టడాలు. ఒక్కో వాకిలి ఎంత ఎత్తంటే, పైదాకా చూస్తే నా కొంగు తలమీద నుంచి జారిపోయింది. ఒక్క అంగుళం ఖాళీ లేకుండా నీలం. బట్టలకు పెట్టే నీలం, నెమలి మెడ నీలం, పొద్దు కుంకినాక కొండ మీద కనిపించే నీలం, అన్నీ పక్కపక్కనే. దగ్గరికి పోయి చూస్తే అది రంగు పూసింది కాదు. చిన్న చిన్న పెంకు ముక్కలు, ఒక్కొక్కటీ ఆకుగానో పువ్వుగానో కోసి, సందు కనపడకుండా అతికింది. పాతకాలంలో ఇవి పెద్ద చదువుల బడులంట.

"ఇంత వాకిలి ఉండే బడయితే నేనూ అయిదుతో ఆపేదాన్ని కాదు" అన్నాను. ఆ పిల్ల నవ్వింది.

ఆ ఊరి ఆడమనిషి ఒకామె నా చీర పట్టుకొని చూసి, "హిందుస్తాన్?" అంది. అవునని తల ఊపాను. నా నుదుటి మీద వేలు పెట్టి, బొట్టు ఏదని అడిగింది. మేం కిరస్తానీలం, పెట్టుకోం అని ఎట్లా చెప్పాలి? శిలువ గీసి చూపించాను. ఆమెకు ఏమర్థమైందో, నన్ను గట్టిగా కావిలించుకొని ఫోటో తీయించుకొని పోయింది.

నేను మళ్లీ గోడ దగ్గరికే పోయాను. ముక్కల అంచుల మీద వేలు పెట్టి చూశాను. ఎంత నున్నగా ఉన్నాయో.

"ఇన్ని ముక్కలు కోసినోళ్లు ఎన్నాళ్లు బతికినారో పాపా" అన్నాను.

"ఎవురు?"

"ఇవి కోసినోళ్లు. ఈ దుమ్మంతా పీల్చినోళ్లు."

ఆ పిల్లకు మా ఇంటి సంగతి తెలుసు. నా కోటు గుండీ పెట్టి, "ఇంగొకచోటికి పోదాం రా" అంది.

ఆ ఇంకొకచోటు పేరు షా-ఇ-జిందా. బతికున్న రాజు అని అర్థం అని దారిలో చెప్పింది. వందల ఏళ్ల కిందటి పుణ్యపురుషుడు ఒకాయన, శత్రువులు తల నరికితే ఆ తలను చేతుల్లో పట్టుకొని బావిలోకి దిగిపోయి, ఇప్పటికీ అక్కడే బతికి ఉన్నాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారంట. ఆయన పక్కన పడుకోవాలని రాజులు, రాణులు, రాజుకు పాలిచ్చిన దాది కూడా అక్కడే సమాధులు కట్టించుకున్నారంట.

"చచ్చిపోకుండా ఉండాడా?" అని అడిగాను.

"అట్లని నమ్ముతారు పెద్దమ్మా."

నేను ఆ మాటనే పట్టుకున్నాను.

ఇక్కడ ఒకటి చెప్పాలి. పుంగనూరులో మా చిన్నప్పుడు, రాత్రి పిల్లలు ఉలిక్కిపడి ఏడిస్తే, జ్వరం ఎంతకీ దిగకపోతే, కులం మతం అని లేకుండా అందరూ దర్గాకు ఎత్తుకుపోయేవాళ్లు. చక్కెర, ఊదికడ్డీలు తీసుకుపోతే అక్కడి సాయిబు ఏదో చదివి, మొగం మీద మెల్లగా ఊదేవాడు. మా అమ్మ పగలంతా ఆసుపత్రిలో మాత్రలు పంచేది, ఆదివారం చర్చిలో పాటలు పాడేది, గురువారం నన్ను దర్గాకు ఎత్తుకుపోయేది. చర్చి అయ్యగారికి తెలిసి గద్దిస్తే, "ఊపిరే గదయ్యా, ఊపిరికి ఏం మతం" అనింది. ఆ ఊపిరి నాకు ఇప్పటికీ గుర్తే. తమలపాకు వాసన, చల్లగా. ఊదగానే ఏడుపు ఆగేది.

మెట్లెక్కి పైకి పోతే కొండ మీద ఒక సన్నటి వీధి. రెండు పక్కలా సమాధుల గదులే, ఇళ్లు ఉన్నట్టు. గోడ గోడకూ నీలం. మంచు పడి పైన గోపురాలు తెల్లగా, కింద నీలంగా ఉన్నాయి. వీధిలో మనుషులు చాలామంది ఉన్నా చప్పుడు లేదు. నా చెప్పుల కింద మంచు నలిగే శబ్దం నాకే వినిపిస్తోంది. ఇంత అందంగా ఉండే వీధిలో ఒక్క ఇంట్లోనూ మనిషి లేడు కదా అనిపించింది.

వీధి చివర బతికున్న రాజు గది. చెక్కిన చెక్కతలుపు, లోపల చిన్న నడవ, చెక్క జాలీ వెనక సమాధి. జాలీ బయట బల్లల మీద జనం కూర్చున్నారు. దూది కుట్టిన పొడుగు కోటు తొడుక్కున్న ముసలాయన ఒకాయన కళ్లు మూసుకొని చదువుతున్నాడు. అర్థం కాకపోయినా ఆ గొంతు నాకు మా ఊరి దర్గా గొంతే. నేను గోడ పక్కకు జరిగి మా ఇంటికి ఫోన్ చేశాను.

మా వదిన ఎత్తింది. ఫోన్ ఆయన మొగం ముందు పెట్టి, గంజి పొయ్యి మీద ఉందని లోపలికి పోయింది.

"ఏం మే... యాడుండావు? వెనకాల నీలంగా ఉండాదే. సముద్రమా?"

"సముద్రం కాదు. సమాధి."

"సమాధికి అంత రంగా?" అని ఆగి, ఊపిరి తీసుకొని, "మనకు సున్నానికే గతి లే" అన్నాడు.

నేను ఆ పిల్లను దగ్గరికి లాగాను. "పాపా, ఆ పెద్దాయన్ను ఊదమని చెప్పు. ఫోన్ మీద ఊదమని. లోపల మా ఆయన ఉండాడని చెప్పు."

ఆ పిల్ల బిత్తరపోయింది. "పెద్దమ్మా, ఈళ్లు అట్ల ఊదుతారో లేదో. ఫోన్ లోకి ఊదమంటే ఏమనుకుంటాడో."

"ఏమన్నా అనుకోనీ. నువ్వు అడుగు."

చదవడం ఆగినాక ఆ పిల్ల పోయి, వచ్చిన నాలుగు మాటలతో చెప్పింది. తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది, దగ్గి చూపించింది. ముసలాయన నన్ను రమ్మని సైగ చేసి, ఫోన్‌లో మా ఆయన్ను చూశాడు. గొట్టాలు చూశాడు. ఏదో పలకరించాడు. తర్వాత రెండు చేతులూ దోసిలి పట్టి మళ్లీ చదివాడు. అక్కడ కూర్చున్న ముక్కూ మొగం తెలియని వాళ్లంతా దోసిళ్లు పట్టారు. చివర్న అందరూ చేతులతో మొగాలు తుడుచుకున్నారు. అయిపోయింది. ఊదలేదు.

నేను ఫోన్ వెనక్కి తీసుకోలేదు. ముసలాయన ముందు అట్లాగే పట్టుకొని, బుగ్గలు నింపి ఊది చూపించాను. ఒకరిద్దరు నవ్వారు, ఎగతాళిగా కాదు. ముసలాయన నా చేతిలోని ఫోన్‌ను రెండు చేతులతో తీసుకొని, నోటికి దగ్గరగా పెట్టుకొని, మెల్లగా, చాలాసేపు ఊదాడు.

ఆ చలికి అద్దం మీద ఆవిరి కమ్మింది. మా ఆయన మొగం దాని వెనక మాయమైపోయింది. గొంతు మాత్రం వచ్చింది.

"మే... ముసలాయన పాలిష్ సూస్తాండాడా?"

అని నవ్వాడు. ఆ నవ్వే దగ్గయింది. అద్దం మీద ఆవిరి అంచులనుంచి లోపలికి విడిపోతుంటే మొదట గొట్టాలు కనిపించాయి, తర్వాత ఆయన నోరు, తర్వాత పరిగెత్తుకొచ్చిన మా వదిన చెయ్యి. అక్కడ ఫోన్ మంచం మీద పడి ఇంటి కప్పు చూపించింది. మా ఇంటి కప్పు నాకు తెలియదా. ఆ దగ్గు వింటూ దాన్నే చూస్తూ నిలబడ్డాను. లైను తెగిపోయింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం.

"పాపా, నువ్వు డాక్టరు చదువుతాండావు. నిజం చెప్పు. ఏమన్నా వస్తాదా ఊపిరి?"

ఆ పిల్ల మంచును చెప్పుతో గీసింది. "ఆ జబ్బు మా పుస్తకంలో ఉండాది పెద్దమ్మా. నువ్వు చెప్పినాక తీసి చదివినాను."

"ఏం రాసుండారు?"

"ఎట్ల వస్తాదో శానా రాసినారు" అంది. "మందు రాసే తావులో ఏమీ లే."

నాకు ఏడుపు రాలేదు. డాక్టరమ్మ చెప్పిందీ అదే కదా. దర్గాలో ఊదించుకున్న పిల్లలకు ఏడుపు ఆగుతుంది. అంతే ఆగుతుంది.

సమాధుల వీధి పక్కనే ఇప్పటివాళ్ల శ్మశానం ఉంది. దారి అటు నుంచే. నేను తల ఎత్తి చూసి ఆగిపోయాను. వరసలు వరసలుగా నల్లరాయి పలకలు, మనిషి ఎత్తున. పాలిష్ మీద మంచు నిలవక జారిపోయింది. ఒక్కో పలక మీద చచ్చిపోయినవాళ్ల మొగం చెక్కి ఉంది. టోపీ పెట్టుకున్న మగవాళ్లు, తలగుడ్డ కట్టుకున్న ముసలమ్మలు, అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడే ఆయన ఫోన్ వచ్చింది. దగ్గు సద్దుమణిగిందని చెప్పడానికి చేశాడు. నేను పలకలు చూపించాను. సంతోషపడతాడనుకున్నాను.

"దగ్గరికి పెట్టు" అన్నాడు. పెట్టాను. చాలాసేపు చూశాడు.

"మన కుప్పం రాయేనా అయ్యా?"

"ఎవురికి తెలుసు. పాలిష్ పట్టినాక అన్నీ ఒకటే." మిషన్ చప్పుడు వినిపించింది. "మే. నా మీద రాయి పెట్టొద్దు."

"ఇప్పుడు యాల ఆ మాటలు?"

"పెట్టొద్దంటే పెట్టొద్దు. మట్టి సాలు. వానలకు అది కుంగిపోతాది సూడు. అట్ల కుంగిపోనీ. రాయి లోపలొకటి, మీదొకటి... నా వల్ల కాదు."

"ఈస్టర్‌కు నేనొస్తాండాను. ఇద్దరం పోతాం తోటకు."

"పోతాంలే. చెప్పి పెట్టినాను, అంతే."

మా వదిన వంటింట్లో ఉంది. ఆ మాట విన్నది నేనొక్కతే.

చలి కొంచెం తగ్గి, మెస్ ముందర చెట్లకు మొగ్గలు కనిపిస్తున్నప్పుడు ఆయన పోయాడు. ఆ రోజు ఆదివారం. సంగటి పొయ్యి మీద ఉంది, తెడ్డు నా చేతిలో ఉంది. మెస్ ఆయన ఫోన్ పట్టుకొని వంటగదిలోకి వచ్చి నా వైపు చాపాడు. నడుమ ఆపితే సంగటి ఉండలు కడుతుంది. నేను తెడ్డు వదల్లేదు. కలిపి, దించి, ముద్దలు చేసి, చెయ్యి కడుక్కున్నాక అప్పుడు ఫోన్ తీసుకున్నాను. నా పాస్‌పోర్టు వీసా పొడిగింపుకని ఆఫీసులో ఇచ్చి ఉంది. అది చేతికి రానిదే కదలడానికి లేదు. ఆయన్ను మట్టి చెయ్యడం ఫోన్‌లో చూశాను. ఎవరిదో భుజం, కొంచెం ఆకాశం, సగం సగం తెగిపోయే పాట.

వదిన కొన్నాళ్లకు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపుతో పాటు ఒక నిబ్బరం కూడా ఉంది.

"మే, ఫ్యాక్టరీ ఆయన వచ్చినాడు. మంచి నల్లరాయి పంపిస్తాడంట, సమాధికి. ఈస్టర్ లోపల పరిపిస్తాం."

"వద్దు వదినా" అన్నాను. "రాయి పెట్టొద్దని ఆయనే చెప్పినాడు. మట్టి సాలన్నాడు."

"ఖర్చని సూస్తాండావా? ఖర్చేం లే మే, ఊరికే ఇస్తాండాడు."

"ఖర్చు కాదు వదినా. ఆయనకు రాయి ఇష్టం లేదు. నీకు తెలుసు గదా, రోలు కూడా తీయించినాడు."

వదిన ముక్కు చీది, "వాడెప్పుడూ అంతే" అంది. "ఎవురికీ బరువు కాకూడదంటాడు. చిన్నప్పుడు అన్నం పెడితే కూడా సాలక్కా సాలక్కా అనేవాడు. వాడు వద్దంటే మనం ఊరకుంటామా? అంతమంది దొరలకు పాలిష్ పట్టినోడు, వాడు మట్టికింద ఉండాల్నా? నలుగురు ఏమంటారు?"

నేను ఇంకా చెప్పాను. ఒకటికి రెండుసార్లు, ఏడుస్తూ కూడా చెప్పాను. చెప్పేకొద్దీ అదంతా మా ఆలుమొగుళ్ల మంచితనమనుకొని ఆమె ఇంకా ఏడ్చింది.

నేను పుంగనూరు చేరేసరికి ఈస్టర్ ముందరి వారం. అనుకున్న నాటికే వచ్చాను. ఈస్టర్ నాడు తెల్లవారుజామున వదిన, నేను తోటకు నడిచిపోయాం. అప్పటికే సమాధుల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. సున్నం కొట్టిన తెల్లటి దిబ్బల మధ్య అదొక్కటే నల్లగా, ఆ కొవ్వొత్తులన్నిటినీ తనలో చూపిస్తూ ఉంది. పెద్ద పలక. మట్టి కొంచెం కూడా కనపడకుండా కప్పేసింది.

"ఎట్ల మెరుస్తాందో సూడు మే" అంది వదిన. "వాడితో పనిచేసినోళ్లే ఆదివారాలు ఉండి పాలిష్ పట్టినారంట. నా తమ్ముడంటే అంత ప్రాణం వాళ్లకి."

నేను బంతిపూలు కింద పెట్టి అంచు మీద చెయ్యి పెట్టాను. నాలుగు మూలలూ గుండ్రంగా రుద్ది ఉన్నాయి. ఎక్కడా గరుకు లేదు.

"అంచులు ఎవురు కొట్టినారు వదినా?"

"ఎవురో కొత్తగా పనిలోకి వచ్చినాయనంట. శానా నెమ్మది చెయ్యి అంటాండారు."

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. అందరూ పాట మొదలుపెట్టారు. నేను పలక మీదికి వంగి, నోరు తెరిచి హా అని ఊపిరి వదిలాను.

"ఏం చేస్తాండావు మే?" అంది వదిన.

"పాలిష్ సూస్తాండాను."

ఆవిరి పట్టింది. పట్టినట్టే, ఎక్కడా చార లేకుండా, ఒకే తీరున పోయింది.